తాళాల బాబాయ్ తెచ్చిన నిండుచూలాలు

తాళాల బాబాయ్‌కి అరవై నిండాయి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే దానికి పెద్ద కథేమీ లేదు. సంబంధాలు చూడాల్సిన అక్క వచ్చిన ప్రతి సంబంధానికీ ఓ వంక పెట్టింది, చేసుకోవాల్సిన ఈయన ఆ వంకలన్నిటికీ బుద్ధిగా తలూపాడు. వంకలు అయిపోయేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. ఇప్పుడు వీధివైపు గది దుకాణం, లోపలి రెండు గదులూ కాపురం. కాపురమంటే అక్కాతమ్ముళ్ళ కాపురమే. అక్కకి అరవై ఎనిమిది. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. తల్లి పోయేనాటికి ఈయనకి రెండేళ్ళు, ఆవిడకి పది. ఆ పదేళ్ళ పిల్లే ఈయన్ని చంకనేసుకుని పెంచింది. ఆ పెంపకం ఇంకా పూర్తయినట్టు ఆవిడ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిలో మాత్రం బాబాయ్‌కి తిరుగులేదు. తుప్పుపట్టి మొండికేసిన తాళమైనా సరే, చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు కదిపితే చాలు, లోపల ఏ రేకు అలిగిందో చెప్పేస్తాడు. కానీ ఆయనకి ఒక పట్టుదల ఉంది. యజమాని ఎదురుగా నిలబడితే తప్ప ఏ తాళమూ తియ్యడు. కుర్రతనంలో ఓ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తాళంచెవి పారేసుకున్నానంటే నమ్మి ఇల్లు తీసిచ్చాడు. ఆ ఇల్లు ఆ పెద్దమనిషిది కాదు. మూడు రోజులు పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టారు. అక్క రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "మా వాడు అమాయకుడండీ, కాస్త తెలివితక్కువ" అని అందరికీ చెప్పింది. స్టేషన్‌లో కూర్చున్న దానికంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ పొడిచింది. అప్పటినుంచి యజమాని లేకుండా తాళం మీద చెయ్యి వెయ్యడు. బాగుచేసిన తాళానికి మారు తాళంచెవి కూడా దగ్గర ఉంచుకోడు, ఉన్నవన్నీ యజమాని చేతిలో పెట్టేస్తాడు.

పట్టుదల అలా ఉంటే, అలవాటు ఇంకొకటి. తెరిచి ఉన్న తలుపు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మూస్తాడు, తాళంచెవి రెండుసార్లు తిప్పుతాడు, పిడి పట్టుకుని మూడుసార్లు లాగి చూస్తాడు. ఈ మొత్తం పనిలో బుర్రకి సంబంధం ఉండదు, అంతా చేతిదే. ఓసారి అక్క స్నానాలగదిలో ఉండగా బయట గడియ పెట్టేసి బజారుకి వెళ్ళిపోయాడు. వచ్చాక ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాస్తే బావుండదు.

అలాంటి ఇంటికి ఓ మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చింది. వీధి చివర ఆవిడ ఆసుపత్రి. చేతిలో బోను తాళం ఒకటి ఉంది.

"బాబాయ్, ఇది పడటం లేదు. చూడండి. ఇంకోటి, ఓ రెండు నెలలు ఒకళ్ళని మీ ఇంట్లో ఉంచుకోవాలి."

"ఎవర్నమ్మా?"

"కడుపుతో ఉంది పాపం. ఎవరూ లేరు. వీధిలోనే తిరుగుతోంది. పురుడయ్యి పిల్లలు పాలు మానేదాకా కాస్త నీడ కావాలి."

అక్క వినలేదు కదా అని బాబాయ్ గబుక్కున లోపలివైపు చూశాడు. డాక్టరమ్మ నవ్వి, సంచీలోంచి బూడిదరంగు పిల్లిని తీసి బల్లమీద పెట్టింది. ఎముకలమీద తోలు, ఆ తోలు కింద గుమ్మడికాయంత కడుపు. అది బాబాయ్‌ని ఎగాదిగా చూసి, ఆకురాయి వాసన చూసి, నాకేం పరవాలేదన్నట్టు పక్కనున్న ఆయన పాత స్వెట్టర్ మీద చుట్టచుట్టుకుని పడుకుంది. ఇంక వద్దనడం ఎవరి తరం!

"దానికి ఏమీ కాకుండా చూసుకునే పూచీ నాది," అన్నాడు బాబాయ్. ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు.

అక్క లోపలినుంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇన్నేళ్ళకి ఇంటికి ఓ ఆడదాన్ని తెచ్చావు. అదీ నిండుచూలాల్ని! వీధిలో తలెత్తుకోవద్దూ?"

ఆ మాట వీధంతా పాకింది. రెండ్రోజులు బాబాయ్ ఎటు వెళ్ళినా, "మా పిన్ని ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళే. అక్క దానికి మరదలు అని పేరు పెట్టింది. వంటింట్లోకి రాకూడదనీ, మంచమెక్కకూడదనీ షరతులు పెట్టింది. అర్ధమొగుడు ఆడబిడ్డ అని ఊరికే అనలేదు. అయితే మొదటివారం తిరక్కుండానే మరదలు వంటింటి గట్టు మీద కూర్చుని, ఆడబిడ్డ ముల్లు తీసిపెట్టిన చేపముక్కలు తింటూ కనబడింది. బాబాయ్ అదేంటని అడిగితే, "వట్టిమనిషి కాదు కదరా" అంది అక్క, ఇటు తిరక్కుండానే.

పురుడు దగ్గరపడ్డ పిల్లి చీకటి మూల వెతుక్కుంటుందని, ముందే ఓ పెట్టె సిద్ధం చేసి ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. బాబాయ్ చేశాడు. చక్కటి పెట్టె, ఇత్తడి బందులు, పైన మూత, మూతకి గడియ. "గడియెందుకురా, అది పారిపోయిన ఖైదీనా?" అంది అక్క. మరదలు ఆ పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. బల్లకింద పాత స్వెట్టరే దానికి పరుపు.

ఆ రోజుల్లోనే లెక్కల టీచరమ్మ బీరువా దుకాణానికి వచ్చింది. టీచరమ్మ రిటైరై పదేళ్ళయినా ఇప్పటికీ ఎదుటివాళ్ళు తప్పు చెబుతారేమోనని చూస్తున్నట్టే చూస్తుంది. బీరువా పాతది, చెక్కది, భుజాల ఎత్తుంటుంది. తాళంచెవి లోపలే విరిగిపోయింది. ఇంటికొచ్చి చేస్తానన్నా ఆవిడ వినలేదు. ఇంట్లో ఇనుప పొడి పడటం ఆవిడకి ఇష్టం లేదు. నాలుగు రోజులు పట్టింది. తాళం లోపల కొత్త రేకులు వేశాడు, వాలిన తలుపు ఎత్తి బిగించాడు. చీమ కూడా దూరదని తనని తనే మెచ్చుకున్నాడు.

అయిదోరోజు పొద్దున తొమ్మిదింటికి ఇద్దరు కూలీలు బండితో వచ్చారు. బీరువా లోపలి సొరుగు దారిలో కొట్టుకోకుండా కింది అరలో ఏదైనా కుక్కాలి. చేతికి మెత్తగా తగిలిందేదో కుక్కాడు బాబాయ్. కూలీలకి మంచినీళ్ళు తెద్దామని లోపలికెళ్ళి వచ్చాడు. బీరువా తలుపు తెరిచి ఉంది. మూశాడు, రెండుసార్లు తిప్పాడు, మూడుసార్లు లాగి చూశాడు. కూలీలు ఎత్తుతూ, "ఖాళీ బీరువా ఇంత బరువేంటి బాబాయ్!" అన్నారు. "పాతకాలం చెక్కరా అది, మీ కండల్లాంటిది కాదు" అని వాళ్ళతో పాటే నడిచి, టీచరమ్మ ముందు గదిలో దింపించి, రెండు తాళంచెవులూ ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాడు.

పదకొండింటికి అక్క చేపముక్కల గిన్నె పట్టుకుని, "మరదలా, ఓ మరదలా" అని పిలిచింది. పలకలేదు. బల్ల కింద లేదు, గట్టు మీద లేదు, మంచం కింద లేదు. ఇల్లంతా తలకిందులు చేశారు. బాబాయ్ బియ్యం డబ్బాలో కూడా చూశాడు. పెరటి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. పొద్దున అక్క బట్టలు ఆరేసి వచ్చి మూయడం మర్చిపోయింది.

"ఇదిగో, ఇలాగే పోయింది!" అన్నాడు బాబాయ్. "తలుపు మూయడం చేతకాదా నీకు? ఇవ్వాళో రేపో పురుడు. ఏ కాలవలో పడుందో, ఏ కుక్కల పాలైందో!"

"నేను ఇక్కడే ఉన్నానురా, నా పక్కనుంచి వెళ్తే చూడనా?"

"చూస్తావు! కన్నదానివైతే తెలిసేది ఆ బాధేంటో!"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. మాట బయటపడ్డాక బాబాయ్‌కే చెవుల్లో గింగురుమంది. అన్నం పలుకైందంటేనే అరగంట పోట్లాడే అక్క గిన్నె గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకుని, వీధిలోకి వెళ్ళి ప్రతి గోడ కిందకీ వంగి చూడటం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి.

బాబాయ్ ఇంకో వైపు వెళ్ళాడు. కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. డాక్టరమ్మ ఆసుపత్రి ముందునుంచి వెళ్ళాల్సి వచ్చి, మొహం చెల్లక చుట్టూ తిరిగి వెళ్ళాడు. మధ్యాహ్నం మూడయింది. ఇంటికొచ్చేసరికి అక్క కూడా వచ్చి ఉంది. ఆవిడ బల్ల కిందకి మళ్ళీ వంగి, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "స్వెట్టర్ కూడా లేదేం? వెళ్తూ వెళ్తూ పక్కబట్టలు కూడా సర్దుకుపోయిందా?"

బాబాయ్ ఉన్నవాడు ఉన్నట్టే ఆగిపోయాడు. స్వెట్టర్. సొరుగు కొట్టుకోకుండా చేతికి మెత్తగా తగిలింది. తెరిచి ఉన్న తలుపు. చీకటి అర. ఖాళీ బీరువా ఇంత బరువేంటి బాబాయ్.

"అక్కా," అన్నాడు. "నేనే. నేనే దాన్ని మూసేశాను. రెండుసార్లు తిప్పి మరీ."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని విన్నాం. ఈయన చేతులారా బీరువాలో మూసి, తాళం వేసి, బండెక్కించి పంపి, ఆనక ఊరంతా వెతికాడు. చీమ దూరని తలుపు వెనకాల, తొమ్మిదింటినుంచి మూడింటిదాకా. లెక్కలు రాని బాబాయ్‌కి ఆ లెక్క మాత్రం వెంటనే తేలింది. ఆరు గంటలు. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. వెనకాల అక్క.

టీచరమ్మ ఇంటికి తాళం. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి, "టీచరమ్మ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది బాబాయ్, పదకొండింటి బస్సుకి. రేపు సాయంత్రం గానీ రాదు" అంది. ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మూడోసారీ అంతే. బస్సు చప్పుడులో ఆవిడకి వినబడదు.

అక్క కిటికీ రెక్కకి చెవి ఆనించి విన్నది. "ఏమీ వినబడటం లేదురా." అరుస్తోందంటే బాబాయ్‌కి కాస్త ధైర్యంగా ఉండేది. ఏమీ వినబడకపోయేసరికి గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

ఇక్కడే ఉంది చిక్కంతా. తాళాలు తీసేవాడు తాళం ముందే నిలబడ్డాడు. యజమాని లేదు. కుర్రతనంలో కూర్చున్న ఆ స్టేషన్ బల్ల గట్టితనం మళ్ళీ వెన్నుకి తగిలినట్టయింది. ఇన్నేళ్ళలో ఎంతమంది బతిమాలారు, ఎంతమంది తిట్టారు, ఒక్కసారి కూడా తియ్యలేదు. బాబాయ్ తాళం తీశాడంటే యజమాని అక్కడ ఉన్నట్టే అని ఊరు నమ్ముతుంది. ఆ నమ్మకమే ఆయన సంపాదన, ఇంకేం లేదు.

"ఏం చూస్తున్నావురా?" అంది అక్క. పొద్దున ఆ మాట పడ్డాక తమ్ముడి మొహం చూసి అన్న మొదటి మాట అదే.

"యజమాని లేదక్కా."

"లేకపోతే ఏం? రేపు ఆవిడ తిడితే నేనొచ్చి గుమ్మంలో నిలబడతాను. అప్పుడు నిలబడలేదా? తియ్యి."

బాబాయ్ ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చూస్తూ ఉండు. నేను తాళం తీస్తున్నాను. ఎందుకు తీస్తున్నానో రేపు టీచరమ్మకి నువ్వే చెప్పాలి."

"నువ్వు దొంగవంటే దొంగలు నవ్వుతారు బాబాయ్. కానియ్!"

కానియ్యడం అంత తేలిగ్గా ఉంటేగా! ఆ తలుపుకి ఏడు రేకుల తాళం బిగించింది ఎవరనుకున్నారు? ఈయనే. మూడేళ్ళ కిందట టీచరమ్మ, "గట్టిదేనా?" అని అనుమానంగా అడిగితే, "దీన్ని నేను కూడా తియ్యలేనమ్మా" అని రొమ్ము విరుచుకున్నాడు. అది గొప్పకి అన్న మాట కాదని ఇప్పుడు తేలింది. మోకాళ్ళమీద కూర్చుని కొక్కెం లోపలికి తోస్తే, ఒక రేకు లేస్తే ఇంకోటి పడుతోంది. ఇంకొకడు చేసిన తాళమైతే ఈపాటికి బండబూతులు తిట్టేవాడు, తన పనినే తిట్టుకోవడానికి నోరు రాలేదు. వీధిలో నలుగురు పోగయ్యారు. అక్క వాళ్ళకి సర్దిచెప్పి, గాలాడనియ్యమని పంపించి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. "మెల్లిగా. నీ పనే కదా, నీ మాట వింటుంది." నలభై నిమిషాలు పట్టింది. తాళం నాలుక వెనక్కి జరిగిన చప్పుడు వినగానే బాబాయ్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బీరువా ఇంకో పది నిమిషాలు. మొదటి చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. తలుపు లాగడానికి ఆయన చెయ్యి రాలేదు. అక్కే లాగింది.

కింది అరలో, స్వెట్టర్ మీద, మరదలు. తల ఎత్తి ఇద్దర్నీ చూసింది. తలుపు తట్టకుండా బాలింత గదిలోకి వచ్చేదెవరన్నట్టు చూసింది. దాని పొట్ట దగ్గర తడితడిగా, బొటనవేలంతవి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలు తాగుతున్నాయి.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," లెక్కపెట్టింది అక్క. "అయిదోది ఇదిగో, కాలు కింద. అయిదూ కదులుతున్నాయిరా! అన్నీ బతికే ఉన్నాయి!"

బాబాయ్ నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుండె మీదనుంచి ఆ బీరువానే ఎవరో ఎత్తి పక్కన పెట్టినంత తేలికైంది. ఏడుస్తూనే బీరువా లోపలికి తొంగిచూశాడు, ఇంతసేపు గాలి ఎక్కడినుంచి ఆడిందా అని. కింది అర వెనక చెక్కకి పిడికిలి పట్టేంత కన్నం. ఏ కాలంలోనో ఎలుక కొరికింది. తలుపుకీ తాళానికీ నాలుగు రోజులు కళ్ళప్పగించినవాడు, వెనక ఏముందో ఒక్కసారి తిప్పి చూడలేదు. చూసుంటే పూడ్చేసేవాడే. ఎలుకలు పిల్లికి చేసిన మేలు ఇంతకుముందు ఎవరైనా విన్నారో లేదో గానీ, బాబాయ్ ఆ ఎలుకకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. టీచరమ్మ. బస్సు దిగి చూసుకుందట.

"అమ్మా, మీరు లేకుండా మీ ఇంటి తాళం తీశాను. బీరువా తాళం కూడా," అని మొదలుపెట్టి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఇంక తిట్లే అనుకుని బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు.

"ఎంతసేపు పట్టింది?" అంది టీచరమ్మ.

"దేనికమ్మా?"

"మా వీధి తలుపు."

"నలభై నిమిషాలు."

"మీకే నలభై నిమిషాలా? అయితే గట్టిదే. పొద్దున బీరువాలో ఏదో గీకిన చప్పుడైతే, కొత్త తాళం సర్దుకుంటోందేమో అనుకున్నానయ్యా. నాదీ బుద్ధి తక్కువే. సరే, బాలింతని ఇప్పుడు కదపకండి. పిల్లలు పెట్టిన పిల్లి ఏడిళ్ళు తిప్పుతుందంటారు, రెండో ఇల్లు మాదే అనుకోండి. వంటింట్లో గిన్నెలున్నాయి, ఏం కావాలంటే అవి వాడుకోండి. నేనొచ్చేదాకా మీ అక్కగారు, మీరు అక్కడే ఉండండి."

డాక్టరమ్మ వచ్చి, తల్లినీ పిల్లల్నీ చూసి, అందరూ భేషుగ్గా ఉన్నారని చెప్పి వెళ్ళింది. ఆవిడకీ దాచకుండా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. ఇస్త్రీ ఆవిడ కూడా చూసి ముచ్చటపడి పనిలోకి వెళ్ళిపోయింది. గదిలో అక్కాతమ్ముళ్ళు మిగిలారు. సాయంత్రం ఎండ కిటికీలోంచి నేలమీద పడుతోంది. మరదలు పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ నాకుతోంది.

"అక్కా," అన్నాడు బాబాయ్. "పొద్దున నేనన్న మాట..."

"ఏ మాట?"

"కన్నదానివైతే అన్నానే, అది."

"చెవుడు రాలేదురా నాకింకా. వినబడింది."

"తలుపు మూసింది నేను, నోరు పారేసుకుంది నీ మీద. నాకు తెలిసిన అమ్మవి నువ్వే. నీతో అనాల్సిన మాటేనా అది? నా బుద్ధి గడ్డి తింది. క్షమించక్కా."

అక్క చెయ్యి చాచి అయిదో పిల్లని తల్లి దగ్గరికి జరిపింది. కళ్ళు వేళ్ళతో తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఏడ్చింది చాల్లే," అంది. "లేచి గిన్నెలో నీళ్ళు తీసుకురా. పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు లేవు దానికి." కాస్త ఆగి, మెల్లిగా అంది. "నాకూ లేవు."

బాబాయ్ వంటింట్లోకి వెళ్ళి, ఓ గిన్నెతోనూ ఓ గ్లాసుతోనూ నీళ్ళు తెచ్చాడు. గిన్నె పిల్లికి అందేలా పెట్టాడు. గ్లాసు అక్క చేతికిచ్చి, ఆవిడ ఆఖరి గుక్క తాగేదాకా అక్కడే నిలబడ్డాడు.